ఆవిడ రవికకు వెనక వైపు

ఆ రోజుల్లో సినిమాతారలు మాకు మనుషుల్లా తోచేవారు కాదు. వాళ్లకూ జలుబు చేస్తుందని ఎవరైనా అంటే కొట్లాటకు దిగేదాన్ని. సినిమా పత్రిక మధ్య పేజీలో వచ్చిన ఒకావిడ బొమ్మను నా ట్రంకుపెట్టె మూత లోపల, మూలలకు అన్నం మెతుకులు రాసి అంటించుకున్నాను. (దాంతో చీమలు కూడా ఆవిడ అభిమానులయ్యాయి.) పెట్టె తెరిచిన ప్రతిసారీ ఆ కళ్లు చూస్తూ, దేనికోసం తెరిచానో మరిచిపోయేదాన్ని.

ఇంతలో అక్క పెళ్లి కుదిరింది. నాకూ ఒక పట్టు రవిక గుడ్డ దక్కింది. బొమ్మను జాగ్రత్తగా ఊడదీసుకుని మా అల్లూరు దర్జీ సాయిబు మామ దగ్గరికి పరిగెత్తాను. "మామా, అచ్చం ఇట్టాగే ఉండాల!" మామ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. చూపులో భక్తి ఉంది గానీ చేతిలో కత్తెర కదల్లేదు. "అంతా బాగుండాదమ్మా. ముందర ఒక్క హుక్కు గూడా లేదే! ఆ యమ్మ దీంట్లోకి ఎట్ట దూరిందంటావు?" అని కాగితం తిప్పి చూశాడు. వెనక తలనొప్పి మాత్రల ప్రకటన ఉంది. "వీపు చూడకుండా కత్తెర పెట్టనమ్మా. పట్టుగుడ్డ, చెడితే మళ్లా రాదు" అన్నాడు. పెళ్లి దగ్గర పడుతోంది. నాకు అన్నం సయించలేదు.

నా అదృష్టం కొద్దీ ఆవిడ ఆ రవిక వేసుకున్న సినిమాయే మా ఊరి డేరా టాకీసుకు వచ్చింది. మొదటి ఆటకు అమ్మతో ఆడవాళ్ల వైపు నేను, తడికకు అవతల మగవాళ్ల వైపు మామ. "నువ్వు మెడ చూడు, నేను హుక్కులు చూస్తా" అని ముందే ఒప్పందం. ఆవిడేమో పాడినా, అలిగినా మాకు ఎదురుగానే! చివరికి హీరో వెళ్లిపోతుంటే మాకు వీపు పెట్టి నిలబడింది. నేను మోకాళ్ల మీద లేచాను. అప్పుడు మెల్లగా తల తిప్పి, భుజం మీదుగా ఒక్క చూపు చూసింది. అబ్బ, ఆ కళ్లు! చంటిపిల్లలు సైతం ఏడుపు ఆపేశారు. లోకంలో అంతకన్నా అందమైనది ఉండదనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆట వదిలాక మామ ఎర్రబడ్డ కళ్లతో ఎదురొచ్చాడు.

"హుక్కులు చూసినావా మామా?"

"నువ్వు మెడ చూడలా?"

"ఇంతసేపూ ఏం చూసినారు మరి?" అంది అమ్మ.

"ఆ యమ్మకు ఎట్టుంటే బాగుంటాదో అట్ట కుడతాలే" అని మామ వెనక వరసగా చిన్న చిన్న గుండీలు పెట్టి కుట్టాడు. పెళ్లిలో ఆడవాళ్లు నా మొహం వదిలేసి వీపే చూశారు. "అచ్చం ఆ యమ్మదే!" అన్నారు, వాళ్లేదో చూసినట్టు.

మొన్న టీవీలో ఆ సినిమా వేశారు. మనవరాలికి ఈ కథంతా చెప్పి, ఆ సన్నివేశం రాగానే "వీపు చూడు, వీపు చూడు" అని హెచ్చరించాను. ఆవిడ నిలబడింది, తల తిప్పింది.

"గుండీలా, హుక్కులా?" అన్నాను, పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

పిల్ల ఇంకా తెర వంకే చూస్తోంది. "నువ్వు చూడలేదా అవ్వా?" అంది.

సాయిబు మామ ఉండి ఉంటే ఎంత బాగుండేది!