త్రివిక్రమరావుగారి ట్రై-క్యాచ్

త్రివిక్రమరావుగారికి ఈ లోకంలో దేనిమీదా నమ్మకం లేదు. ఆయన కంప్యూటరు ప్రోగ్రాము రాస్తే ప్రతి లైనుకూ ముందు 'చేసి చూడు' అనే ట్రై, తప్పు జరిగితే పట్టుకుని ఏం చేయాలో చెప్పడానికి వెనకొక క్యాచ్ ఉండాల్సిందే. రెండూ రెండూ కూడినా క్యాచే.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో హజీరా ఫ్యాక్టరీల్లోని తెలుగు ఇంజనీర్లు కొందరు కలిసి, దగ్గర్లోని పట్నంలో మరమగ్గాలు ఆగి రూముల్లో చిక్కుకుపోయిన మనవైపు కార్మికులకు అన్నం పొట్లాలు పంపేవారు. ఎవరెవరికి పంపాలో తేల్చే ప్రోగ్రాము రావుగారిదే. అది నత్తకు అన్న. ఆయన కింద పనిచేసే అలేఖ్య ఇంట్లోంచి ఫోనులో మొత్తుకునేది.

"సార్, తలుపు తీసుందో లేదో చూసి వెళ్ళాలి గానీ, ప్రతిసారీ ఢీకొట్టి బొప్పికి మందు రాసుకుంటామా? అందుకే ఇంత ఆలస్యం. చదవడానికీ చిరాకే."

"మందు దగ్గరుంటే మంచిదే కదమ్మా!"

మాస్కు మీద మాస్కు వేసుకుని, జేబులో ఇంకోటి పెట్టుకునే మనిషికి ఏం చెబుతాం?

ఆయనకు కరోనా సోకి ఆస్పత్రిలో చేరగానే అలేఖ్య చీపురు పట్టింది. మొదటి రెండు మూడు క్యాచ్‌లు చూసింది. ఉత్త చాదస్తం. మిగతావి చదవకుండానే ఊడ్చేసింది. ప్రోగ్రాము లేడిపిల్లలా పరిగెత్తింది.

మర్నాడు పొద్దున కార్మికుల రూములుండే డిండోలి నుంచి ఫోను. అక్కడి గల్లీలో పొట్లాలు పంచే చిన్నవ్వ.

"ఏంది బిడ్డా, గిట్ల జేసిన్రు? రూముకు ఒక్క పొట్లమే వచ్చింది. ఒక్కో రూముల ఎనిమిదిమంది ఉంటరు. నిన్నటిదాంక అందరికి వచ్చెగద!"

అలేఖ్య జాబితా తీసి చూసింది. రూమంతటికీ ఒకటే ఫోను, అందరూ ఇచ్చిందీ ఆ నంబరే. అది రెండోసారి రాగానే ప్రోగ్రాము తప్పని తోసేస్తోంది. పాత కాపీ తెరిచింది. ఊడ్చేసిన క్యాచ్ పక్కన రావుగారు రాసుకున్న మాట: 'ఫోను ఒకటే, కడుపులు వేరు. పొట్లం ఇవ్వు.' దాని కింద ఇంకోటి: 'పేరు సరిగ్గా రాయడం రాకపోయినా ఆకలేస్తుంది. ఇవ్వు.'

ఒక్క నిమిషం చదివి ఉంటే ఎంత బాగుండేది! ఆమెకు ముద్ద దిగలేదు. ఆస్పత్రికి ఫోను చేసింది.

"తప్పయిపోయింది సార్. మీ క్యాచ్‌లు చదవకుండా తీసేశాను. పాపం, వాళ్ళంతా పస్తులున్నారు."

అవతల దగ్గు. "నాదీ తప్పేనమ్మా. ఒక ఫోనుకు నలుగురు ఉండడం అక్కడ మామూలే; దాన్ని తీసుకెళ్ళి తప్పుల్లో దాచాను. రూములో ఎంతమందని ముందే అడగాల్సింది. సరిచేస్తే సాయంత్రం పొట్లాల బండికి అందుతుందా?"

అందింది. ఇప్పుడు ప్రోగ్రాము మొదట్లోనే ఎంతమందో అడుగుతుంది, అందరికీ పొట్లాలు రాస్తుంది, చకచకా. అన్నం వచ్చిందని చిన్నవ్వ చెప్పాకే అలేఖ్య కంచం ముందు కూర్చుంది.

రావుగారు కోలుకుని ఇంటికొచ్చి, కొత్తదంతా చదివి మెచ్చుకున్నారు. అట్టడుగున ఒకే ఒక్క క్యాచ్ కనబడింది: 'ఏం జరిగినా సరే, పొట్లం ఇవ్వు.'

"ఇదెవరు పెట్టారమ్మా?"

"నేనే సార్. ఎందుకైనా మంచిదని."