నిన్న రాత్రి ఈ ఇంట్లో పడుకున్నవాళ్ళు

యుద్ధం ముగిశాక కైరో సర్కారుకి లెక్కల పిచ్చి పట్టుకుంది. ఎవరేం తింటున్నారు, ఎన్ని మేకలున్నాయి, ఎంతమందికి చదువొచ్చు, అన్నీ కావాలి. కొన్ని ఇళ్ళల్లో అడిగితే చాలు, దేశమంతా తెలిసిపోతుందట! నైలు ఒడ్డునున్న మా నూబియా ఊళ్ళల్లో మాత్రం ఒక్క గడప వదల్లేదు. కొత్త ఆనకట్ట నీళ్ళలో మేం మునిగిపోతాం కనుక, లెక్కలోకి ఎక్కినవాళ్ళకే కొత్త ఊళ్ళో చోటు.

మా పక్కింటి నబ్రత్త ఒంటరిది. ఆమె కొడుకు గుబారా ఏడేళ్ళప్పుడు నైలులో దిగి మళ్ళీ పైకి రాలేదు. శవం కూడా దొరకలేదు. నది అడుగున మనుషులుంటారని మావాళ్ళ నమ్మకం. పండగకి వాళ్ళ వాటా ఖర్జూరాలు నీళ్ళలో వదులుతాం. పిల్లాణ్ణి వాళ్ళే సాకుతున్నారని, రాత్రిళ్ళు తన దగ్గరికి పంపిస్తారని అత్త అనేది. మేమెవరం కాదనేవాళ్ళం కాదు. పొద్దుగూకాక ఆ గుమ్మం తొక్కేవాళ్ళమూ కాదు.

లెక్కలు రాసే రవూఫ్ వచ్చినప్పుడు నేను అత్త ఇంట్లోనే ఉన్నాను.

"నిన్న రాత్రి ఈ ఇంట్లో ఎంతమంది పడుకున్నారమ్మా?"

"ఇద్దరం. నేనూ, మా అబ్బాయీ."

"వాడి వయసు?"

"ఏడు."

ఆయన అత్త నెరిసిన జుట్టు చూసి నవ్వాడు. "మనవడేమో, సరిగ్గా చెప్పమ్మా."

"నా కడుపున పుట్టినవాడెవడో నువ్వు చెప్తావా నాకు? వాడు పెరగలేదంతే. రాసుకో. పేరెక్కకపోతే అక్కడ వాడికి చోటెవరిస్తారు?"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"తెల్లారకముందే నదికి వెళ్ళిపోతాడు."

రవూఫ్ నావైపు చూశాడు. నేను లోపలి గదివైపు చూశాను. ఆయన లోపలికెళ్ళి రెండో మంచం మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. ఇంకేమీ అడగకుండా ఏడు అని రాసి వెళ్ళిపోయాడు. తర్వాత నేనూ తాకి చూశాను. నులక తడిసి చల్లగా ఉంది. మా ఊళ్ళో వానలు పడవు.

ఊరు వదిలే రోజు అందరం ఇళ్ళు ఊడ్చి, సమాధుల దగ్గర గిన్నెల్లో నీళ్ళు పోసి వచ్చాం. అత్త మాత్రం సమాధుల దగ్గరికి రాలేదు. "అక్కడ నాకెవరున్నారే?" అంది. పడవలోకి రెండో మంచం కూడా ఎక్కించి, పక్కన మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది. పడవ కిక్కిరిసిపోయినా ఆ చోట ఎవరూ కూర్చోలేదు.

కొత్త ఊరు నదికి చాలా దూరం. ఎటు చూసినా దుమ్మే. లెక్క ప్రకారం అత్తకి ఇద్దరి ఇల్లే ఇచ్చారు. ఆమె రోజూ పొద్దున్నే రెండో మంచం తడిమేది. నేనూ తడిమేదాన్ని. ఎప్పుడూ పొడిగానే ఉండేది.

"దారి తెలియట్లేదేమోనే పిచ్చి సన్నాసికి" అనేది మొదట్లో. తర్వాత అనడం మానేసింది. ఆ ఏడాది మా ఊళ్ళో పసిపిల్లలు చాలామంది పోయారు. ఆ చావులు లెక్క రాయడానికి మళ్ళీ రవూఫే వచ్చాడు.

"నిన్న రాత్రి ఎంతమంది పడుకున్నారమ్మా?"

"ఒక్కదాన్నే."

ఆయన పాత కాగితం తిరగేశాడు. "మరి గుబారా?"

"పోయాడు నాయనా."

"ఎప్పుడు?"

"మమ్మల్ని ఇక్కడికి తోలుకొచ్చిన రోజున."

"ఏమైంది?"

అత్త రెండో మంచం తడిమింది. "నీళ్ళు లేక" అంది.

రవూఫ్ అదే రాసుకున్నాడు. కొడుకు కోసం అత్త గొంతెత్తి ఏడవడం నేను వినడం అదే మొదటిసారి.