చదివి కాల్చేసిన ఉత్తరం

అడవిలో నేనూ, నా స్నేహితుడూ చెరో దళానికి కమాండర్లం. లొంగిపోయాక ఆయన మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. నేను సూర్యాపేటలో కుట్టుమిషన్ పెట్టుకున్నాను. సెల్‌ఫోన్లున్నా ఉత్తరాలే రాసుకునేవాళ్లం. ఫోన్లో ఎవరైనా వింటారని పాత భయం. మా మాటలు వినే తీరిక ఇప్పుడెవడికుంది, మా బొంద!

ఆయన ఉత్తరాల నిండా ఒకటే గోస. "ఏం సాధించినమన్నా? ఎవలను దించుతమన్నమో వాళ్ల లారీలకే గేటు తీస్తున్న" అని రాసేవాడు. నేనూ అట్లాంటివే రాసేవాణ్ణి. ఉత్తరం చదవగానే కాల్చేయాలన్నది దళం నియమం. బయటికొచ్చి ఇన్నేళ్లయినా ఇద్దరం తప్పలేదు.

కోదాడలో ఒక టీచరమ్మ ఉంది. రెండు దళాలూ కలిసి ఉన్నప్పుడు, పోలీసు ఇన్‌ఫార్మర్ అని ఆమె తమ్ముణ్ణి మేం చంపాం. వాడు కాదని తర్వాత తెలిసింది. నోరు మూసుకున్నాం. వాళ్ల ఊళ్లో ఇప్పటికీ ఆ ఇంటిని ఇన్‌ఫార్మర్ ఇల్లే అంటారట. మొన్న ఎండాకాలం ఆమె మా ఇద్దరినీ వెతుక్కుంటూ వచ్చింది. "మావాడు ఏ తప్పూ చేయలేదని ఒక్క కాగితం రాసివ్వండి, చాలు" అంది.

మిర్యాలగూడ నుంచి ఆ కాగితం పోస్టులో వచ్చింది. చంపాలన్న తీర్మానం తనదేననీ, పిల్లవాడికి ఏ పాపం తెలియదనీ రాసి, అసలు పేరుతో సంతకం పెట్టాడు. "నువ్వు గూడ కింద సంతకం చేసి ఆమెకు ఇయ్యి అన్నా" అని చివర్న ఉంది. రెండుసార్లు చదివాను. స్టవ్ వెలిగించి కాల్చేశాను. బూడిద కడిగేశాకగానీ నేను చేసిన పని నాకు తెలిసిరాలేదు.

మళ్లీ రాయమని అడుగుదామనుకునేలోపే ఆయన పక్షవాతమొచ్చి దవాఖానలో పోయాడు. వెళ్లి పాడె మోశాను. ఏడుపు రావాల్సింది, రాలేదు. వచ్చేటప్పుడు బస్సులో హాయిగా నిద్రపోయాను, సిగ్గులేని మనిషిని.

తర్వాత టీచరమ్మ మళ్లీ వచ్చింది. జరిగింది చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మీరున్నారుగా, మీరు రాయండి" అని నోటుబుక్ నా ముందు పెట్టింది.

అతను నిర్దోషి, పొరపాటున చనిపోయాడు అని రాసి సంతకం పెట్టాను. ఆమె చదివి వెనక్కి తోసింది.

"తుపాకీ పేల్చిందెవరో రాయలేదేంటండీ?"

నా స్నేహితుడి ఉత్తరంలోనూ ఆ మాట లేదు. నన్ను కాపాడదామనుకున్నాడు. నేను నా పేరు రాశాను.

ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది. "చివర్న మావాడేమన్నాడు?" అంది.

"'మా అక్కనడగండి, అక్కకన్నీ తెలుసు' అన్నడమ్మా. మేం అడగలే."