గోడవతల పియానో

నిన్న పక్కింట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు గోడకు డ్రిల్లు పెట్టారు. చాలాసేపు చెవులు హోరెత్తించి ఉన్నట్టుండి ఆపేశారు. మోత ఆగితే ఎవరికైనా హాయిగా ఉంటుంది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. లండన్ పక్కన వాట్‌ఫర్డ్‌లో మా ఇల్లూ ఆ ఇల్లూ ఒకే గోడను పంచుకుంటాయి. ఆ గోడవతల ఏదైనా హఠాత్తుగా ఆగిందంటే నాకు ఇప్పటికీ భయమే.

అప్పట్లో అక్కడ ఒక రష్యన్ పియానో విద్వాంసురాలు అద్దెకుండేది. యాభైకి దగ్గరపడ్డ మనిషి. చిన్న వయసులోనే ఏదో పెద్ద పోటీలో మొదటి బహుమతి గెలిచి దేశదేశాలు తిరిగిందట. ఆనాటి ఫొటో వాళ్ళ మెట్ల పక్కన వేలాడేది, అందులో పూలగుత్తి ఆవిడకన్నా పెద్దదిగా కనిపించేది. ఆ సంగీతంలో ఒంటరిగా వాయించేవాళ్ళు సాధారణంగా స్వరాల పుస్తకం ముందు పెట్టుకోరు, ఎంత పొడుగు రచనైనా జ్ఞాపకం మీదే వాయించాలి. ఒకసారి నిండు సభలో ఆ జ్ఞాపకమే ఆవిడకు మొండిచెయ్యి చూపింది. మధ్యలో ఆగి, లేచి, లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పిలుపులు తగ్గి తగ్గి నిలిచిపోయాయి. మేము ఎరిగేనాటికి సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, పగలంతా ఒకే రచనను పదేపదే సాధన చేస్తుండేది.

గోడకు ఇటువైపు మా అత్తయ్య, మావారి అమ్మ. తెనాలిలో ఒక తరానికంతా వీణ నేర్పిన మనిషి. మా దగ్గరికి వచ్చాక చలికి బయట అడుగుపెట్టలేక, గది వేడెక్కించే రేడియేటర్ పక్కన కుర్చీ వేసుకుని, వినబడే సంగీతానికి తాళం వేసేది. తొడమీద వేసుకుంటే గొడవ లేకపోను, ఉంగరం వేలితో గోడమీద వేసేది. ఆ సంగీతం ఒకచోట సాగుతుంది, ఇంకోచోట పరిగెడుతుంది. అది అత్తయ్యకు గిట్టేది కాదు. "చెయ్యి బంగారమే గానీ ఈ అమ్మాయికి కాలప్రమాణం నిలవట్లేదే," అని విసుక్కునేది. ఈ దేశంలో చప్పుడు చేస్తే ఊరి కౌన్సిల్‌కి ఫిర్యాదు చేస్తారని ఆఫీసులో ఎవరో బెదిరించడంతో, నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగేదాన్ని.

అత్తయ్య జ్వరంతో పడుకున్న రోజుల్లో ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఆ రష్యన్ ఆవిడే. అయిపోయాం అనుకున్నాను. "గోడమీద కొట్టే మనిషికి ఏమైంది?" అని ఇంగ్లీషులో కంగారుగా అడిగింది. చిన్నప్పుడు వాళ్ళ గురువు పియానో మూతమీద అలాగే కొట్టేదట. లోపలికొచ్చి అత్తయ్య మంచం అంచున కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అత్తయ్య తాళం వేస్తే, ఆవిడ దుప్పటిమీద వేళ్ళాడించింది. నేనిచ్చిన మిరియాల చారు తాగి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం పోయమంది.

లండన్‌లో ఒలింపిక్స్ అయిన మరుసటి చలికాలం, ఊళ్ళోని ఒక చర్చిలో ఆవిడ కచేరీ కుదిరింది. చాలా ఏళ్ళకు మొదటిది. కచేరీలు ఏర్పాటు చేసే పెద్దమనిషి ఒకాయన వినడానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితే పెద్ద హాళ్ళు మళ్ళీ పిలుస్తాయి. "ఈసారి ఆగిపోతే ఇంకెవరూ పిలవరు," అంది ఆవిడ. నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి ఆవిడ జ్ఞాపకం, రెండోది అత్తయ్య చెయ్యి. అక్కడ దగ్గితేనే తిరిగి చూస్తారు. "అత్తయ్యా, మీ చెయ్యి కదిలిందంటే మనల్ని బయటికి పంపించేస్తారండీ," అని దారిపొడవునా నూరిపోశాను. "తలకాయైనా ఊపొచ్చా మరి?" అని మూతి ముడిచింది. నమ్మకం చాలక, కూర్చోగానే ఆ చెయ్యి నా గుప్పిట్లో పెట్టుకున్నాను.

రోజూ వినేదే అయినా ప్రతి మలుపులోనూ ఊపిరి బిగబట్టాను. వేగంగా సాగే భాగం దాటింది, కాస్త నెమ్మదించింది, ఆగింది. అది ఆగే చోటు కాదు. గోడకు ఇవతల ఇన్నాళ్ళూ కూర్చున్న మాకు ఆ సంగతి తెలుసు. చేతులు మీటలమీదే ఉన్నాయి, కదలడంలేదు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ముందువరసలో పెద్దమనిషి తలెత్తాడు. లేచి వెళ్ళిపోకు తల్లీ అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. నా గుప్పిట్లో అత్తయ్య వేళ్ళు పెనుగులాడుతున్నాయి. ఎందుకో తెలియదు, వదిలేశాను.

అత్తయ్య ఉంగరం ముందున్న చెక్కబల్లను తాకింది. టక్. మళ్ళీ టక్. మా ముందు కూర్చున్నాయన వెనక్కి తిరిగి కొరకొరా చూశాడు. అత్తయ్య ఆపలేదు. పియానో ముందు బిగుసుకున్న భుజాలు మెల్లగా దిగాయి. ఆవిడ కొంచెం వెనక నుంచి అందుకుని, చివరిదాకా వాయించింది.

ఆ పెద్దమనిషి పిలిచాడు. ఆయన్ని చూసి ఇంకొందరు పిలిచారు. ఏడాది తిరిగేసరికి ఆవిడ ఇల్లు ఖాళీ చేసి మళ్ళీ ఊళ్ళు పట్టుకు తిరిగింది. అయితే నాకు ఎక్కువగా గుర్తుండేది ఆ రోజు తిరుగు ప్రయాణం. ఎవరికీ జడవని మా అత్తయ్య బస్సులో నా చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. కిటికీలోకి చూస్తూ అంది, "నా మొదటి కచేరీలో నాకూ ఇట్టాగే అయిందే. ఒక్క స్వరం గుర్తు రాలా. మృదంగం ఆయన చెయ్యి ఆపలేదు. ఆయన గనక ఆపుంటే నేను మళ్ళీ వీణ ముట్టేదాన్ని కాదు."

అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ సంగతి నాకు తెలియదు. ఇప్పుడు అత్తయ్య లేదు. రష్యన్ ఆవిడ ఏ ఊళ్ళో వాయిస్తోందో తెలియదు. కాలం వాళ్ళిద్దరినీ ఎప్పుడో ఆ చర్చిలోంచి బయటికి తీసుకుపోయింది. గోడవతల చప్పుడు ఆగినప్పుడల్లా నేను మాత్రం ఇంకా అక్కడే కూర్చుని, ఆ చెయ్యి సమయానికి వదలగలనో లేదో అని వణుకుతుంటాను.