ఓనరుగారికి రాని ఫోను

ఒకప్పుడు మిషనమ్మ పొద్దున లేవగానే చేసే మొదటి పని, వీధిగది తలుపు తీసి మొగుడి పనిముట్ల పళ్లేన్ని పాత గుడ్డతో తుడవడం. స్క్రూడ్రైవర్లు ఒక పక్క, బాబిన్లు ఒక పక్క, నూనె డబ్బా మూత బిగించి కిటికీలో. ఆ తర్వాతే స్టవ్వు వెలిగేది. తన ఫోను ఎక్కడుందో ఆమెకు గుర్తుండేదే కాదు. బియ్యం డబ్బా మీదో, ఉతికిన బట్టల కుప్ప కిందో చార్జింగ్ లేక చచ్చి పడుండేది.

ఇప్పుడు కళ్లు తెరవగానే ఆమె చెయ్యి ఫోను కోసమే తడుముకుంటుంది. మొహమైనా కడగకుండా దాన్ని చార్జింగుకు పెడుతుంది. స్నానానికి వెళ్తే తలుపు బయట స్టూలు మీద, వంట చేస్తుంటే చక్కెర డబ్బా పక్కన. మోత పూర్తిగా పెంచి మరీ.

ఆమె ఎదురుచూస్తున్నది ఒక దొంగ చేసే ఫోను కోసం.

మిషనమ్మ అన్న పేరే గాని ఆమె ఏనాడూ కుట్టు మిషను తొక్కిన మనిషి కాదు. కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్ పెళ్లాం కాబట్టి వీధంతా అలా పిలిచింది. ఆయన మాత్రం అలా పిలవలేదు. ఆయనకు ఆమె ‘ఓనరుగారు’. అదీ ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు. “ఓనరుగారూ, చిన్న పటకారు ఎక్కడ దాచారు?” “ఓనరుగారూ, తమరి ఫోను మళ్లీ పోయింది, ప్రాణం పొయ్యమంటారా?” గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా వినపడితే చాలు, గొంతు మార్చేసి “ఇదిగో, మంచినీళ్లు” అనేవాడు. ఆ తేడాకు ఆమె లోపల నవ్వుకునేది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, విప్పిన మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయింది.

ఆయన పోయాక కూడా ఆయన గొంతు మిగిలింది. ఆ మిగలడమే మిషనమ్మకు కడుపుమంట అయింది. ఎందుకంటే అది మిగిలింది ఆయన చెల్లెలి దగ్గర.

చెల్లెలికి వెనక వీధిలో టైలరింగ్ షాపు. అందరూ టైలరమ్మ అంటారు. షాపులో మిషను మొరాయించినప్పుడల్లా అన్న వచ్చి బాగుచేసేవాడు. అతను చేస్తుంటే ఆమె ఫోనులో వీడియో తీసి నెట్‌లో పెట్టేది. “ముందు సూది చూడండి బాబూ. తప్పంతా మిషను మీద తొయ్యకండి, అది నోరులేనిది,” అంటూ ఆయన చెప్పే తీరు జనానికి నచ్చింది. మధ్యలో “చిట్టీ, ఫోను దగ్గరకు పెట్టవే, నా బట్టతల కాదు చూపించాల్సింది” అనేవాడు. చిట్టి అంటే టైలరమ్మే. వీడియో కింద షాపు నంబరు ఉండేది.

ఒకసారి ఇంట్లోనే తీద్దామనుకున్నారు. మిషనమ్మ గిన్నెలు కడిగే మోత వీడియోలో పడింది. “షాపులోనే నయం, ఇక్కడ రణగొణ,” అంది ఆడపడుచు. అంతే, అన్నీ షాపులోనే. అన్నీ చిట్టీ, చిట్టీ అంటూనే. వాటిలో ఎక్కడా ‘ఓనరుగారు’ అన్న పిలుపు లేదు.

పైగా టైలరమ్మకు ఆయన పంపిన వాయిస్ మెసేజీలు బోలెడు ఉండేవి. మిషనమ్మ దగ్గర ఒక్కటీ లేదు. పక్కగదిలో ఉన్న పెళ్లానికి వాయిస్ మెసేజీ ఎవడు పెడతాడు? పిలిస్తే పలికేది కదా.

ఒకరోజు టైలరమ్మ మెడలో టేపు తియ్యకుండానే పరిగెత్తుకొచ్చింది. వస్తూనే గుమ్మంలో కూలబడింది.

“వదినా, కొంప మునిగింది. అన్నయ్య ఫోను చేశాడు.”

మిషనమ్మ చేతిలో ఉన్న గరిట చేతిలోనే ఉండిపోయింది.

“అంటే అన్నయ్య కాదు, ఎవడో వెధవ. కానీ అన్నయ్య గొంతే వదినా! ‘చిట్టీ, నేనే. నా ఫోను పాడైంది, వేరే ఫోను నుంచి చేస్తున్నా. నీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి, కాస్త చదివి చెప్పవే’ అన్నాడు. చేతిలో కత్తెర, ముందు కస్టమరు. చెప్పేశా!”

“చెప్పేశావా? ఆయన లేడని తెలియదా నీకు?”

“తెలుసు. కానీ ఆ నిమిషం మర్చిపోయా వదినా. నిజంగా మర్చిపోయా. ‘అలాగే అన్నయ్యా’ అనేశా. పెట్టేశాక గుర్తొచ్చింది.”

ఆమె మెసేజీల యాప్ దొంగ చేతికి వెళ్లిపోయింది. ఆమె పేరుతో అందరికీ ఏవేవో పంపుతున్నాడు. ఆడపడుచు తల బాదుకుంటోంది. మిషనమ్మ ఓదార్చాలి. కానీ ఆమె నోట వచ్చిన మాట ఇది:

“చిట్టీ అన్నాడా? ఆయన అన్నట్టే అన్నాడా?”

“అచ్చం.”

మిషనమ్మ లోపల ఏదో చురుక్కున కాలింది. ఆయన పోయిన దగ్గర్నుంచి, నిద్రలో కూడా, ఆయన లేడన్న సంగతి ఆమె ఒక్క క్షణం మర్చిపోలేకపోయింది. ఇదేమో కత్తెర పట్టుకుని నిలబడి మర్చిపోయింది! ఆ ఒక్క నిమిషం దీనికి అన్న బతికొచ్చాడు. దొంగకు కూడా ఇదే దొరికిందా పిలవడానికి?

ఇద్దరూ వీధి చివర సెల్ షాపుకు వెళ్లారు. సెల్ షాపతను బల్ల మీద విప్పిన ఫోను నుంచి తలెత్తకుండానే అంతా విన్నాడు.

“చనిపోయిన మనిషి గొంతు వాడికెలా వచ్చింది బాబూ?” అనడిగింది మిషనమ్మ.

“మీ వాళ్లది టైలరింగే కదమ్మా, అలాగే చెప్తా. ఆదికని పాత చొక్కా ఒకటి ఇస్తే, మనిషి రాకపోయినా కొత్త చొక్కా కుట్టేస్తారా లేదా?”

“కుట్టేస్తాం,” అంది టైలరమ్మ ముక్కు తుడుచుకుంటూ.

“గొంతుకూ అంతే. మీ అన్న వీడియోలే వాడికి ఆది. వాటిని కంప్యూటరుకు ఇస్తే ఆ గొంతు కొలతలు పట్టుకుంటుంది. తర్వాత వాడు ఏ మాట టైపు చేస్తే ఆ మాట మీ అన్న గొంతుతో పలుకుతుంది. ఆయన బతికుండగా అనని మాట కూడా.”

“ఆయన పోయాడని ఆ వెధవకు తెలియదా?”

“వీడియోలో మనిషి పోడు కదమ్మా.”

తర్వాత అతను టైలరమ్మ ఫోను చూసి నాలుక కరుచుకున్నాడు.

“యాప్ తీసేశారా?”

“భయమేసి తీసేశా. వాడు పోతాడనుకున్నా.”

“వాడు పోలేదు, మీ పాత మెసేజీలు పోయాయి. ఎక్కడా దాచిపెట్టుకోలేదు మీరు. తియ్యకుండా తేవాల్సింది.”

“అన్నయ్య వాయిస్‌లు?”

అతను తల అడ్డంగా ఊపాడు. టైలరమ్మ బల్లకు తల ఆనించి ఏడ్చింది. మిషనమ్మ ఆమె వీపు నిమిరింది. నిమురుతున్న చెయ్యి నిమురుతూనే ఉంది గాని, గుండెలో మాత్రం ఒక చల్లని చుక్క పడింది. ‘ఇప్పుడు ఇద్దరం సమానం.’ అలా అనుకున్నందుకు వెంటనే ఆమెకే ఒళ్లు జలదరించింది.

సెల్ షాపతను యాప్ మళ్లీ ఎక్కించి, దొంగను బయటికి గెంటే పని మొదలుపెట్టాడు. “ఈ ఆరంకెలు తాళంచెవి. కంపెనీవాళ్లు కూడా అడగరు, కన్నకొడుకు అడిగినా చెప్పకూడదు. దీని మీద ఇంకో తాళం ఉంటుంది, మీరు పెట్టుకునే సొంత నంబరు. అది పెట్టుకుంటే ఆరంకెలు పోయినా వాడు లోపలికి రాలేడు. ఇక గొంతును నమ్మొద్దు. ఎవరు చేసినా ఫోను పెట్టేసి, మీకు ముందు నుంచి తెలిసిన నంబరుకు మీరే తిరిగి చెయ్యండి. లేదంటే ఏ ఫోనులోనూ లేని సంగతి, ఇంట్లోవాళ్లకే తెలిసింది, ఒకటి అడగండి. దొంగయితే నీళ్లు నములుతాడు.” అని మిషనమ్మ వైపు తిరిగాడు. “జాగ్రత్తమ్మా. ఈవిడ ఫోనులోని పేర్లూ నంబర్లూ యాప్‌తో పాటు వాడికి చేరాయి, మీదీ ఉంది. మీకూ చేస్తారు, మీరూ ఆరంకెలు చెప్పేస్తే ఆ తర్వాత మీ బంధువులందరి మీదా పడతారు.”

“నాకూ చేస్తారా?” మిషనమ్మ ముందుకు వంగింది.

“చేస్తారు.”

“ఎప్పుడు?”

అతను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి ఆమెను తేరిపార చూశాడు. “భయపెడదామని చెప్పానమ్మా, ఆశపెడదామని కాదు.”

ఆ మర్నాటి నుంచే ఫోనుకు చార్జింగు మొదలు.

రోజులు గడుస్తున్నాయి. దొంగ వరసగా అందరికీ చేస్తున్నాడు. దారాల కొట్టు ముసలాయనకు చేశాడు. “మిషనమ్మా, మీ ఆయనే అనుకుని లేచి నిలబడ్డానంటే నమ్ము!” అని ఆయన రోడ్డు మీద ఆపి మరీ చెప్పాడు. గుండీల కొట్టు ఆవిడకు చేశాడు. ఆవిడ తెలివిగా తిట్టి పెట్టేసి, తిట్టిన తిట్లన్నీ మళ్లీ మిషనమ్మకు వినిపించింది. ఆఖరికి ఎప్పుడో ఒకసారి మిషను బాగు చేయించుకుని మళ్లీ మొహం చూపించని మనిషికి కూడా చేశాడు.

మిషనమ్మ అందరికీ “అయ్యో, అలాగా” అంది. ఇంటికొచ్చి ఫోను వంక చూసి పళ్లు నూరింది. ఊరందరికీ చేసే తీరిక ఉంది, కట్టుకున్నదానికి చెయ్యడానికి వీల్లేదా? అది దొంగ మీద కోపమో, మొగుడి మీద అలకో ఆమెకే తెలిసేది కాదు. మనసులో ఒకటి గట్టిగా అనుకుంది. చెయ్యనీ. ఒక్కసారి ‘ఓనరుగారూ’ అననీ. ఆరంకెలేం ఖర్మ, ఫోనే ఇచ్చేస్తాను. తన ఫోను దొంగ చేతికి పోతే, దాంట్లో ఉన్న బంధువులందరి మీదా వాడు పడతాడని సెల్ షాపతను చెప్పింది ఆమెకు గుర్తుంది. గుర్తుండే అనుకుంది.

టైలరమ్మ ఒక సాయంత్రం వచ్చింది. చార్జింగులో ఉన్న ఫోనును, దాని పక్కన కాపలా ఉన్న వదినను చూసింది.

“ఏంటి వదినా, ఆ దొంగ సచ్చినోడి కోసం కూర్చున్నావా?”

“నీకేమమ్మా, చెప్తావు. ఆయన ఉన్నప్పుడూ చిట్టీ చిట్టీ అని నీ చుట్టే. పోయాకా ముందు నీకే.”

“వదినా!”

“అబద్ధమా? ఆ వీడియోల్లో ఒక్కదాంట్లో నన్ను రానిచ్చావా? నా గిన్నెలు రణగొణ అన్నావు.”

టైలరమ్మ మొహం ఎర్రబడింది. “నువ్వు ఆయనతో ఒకే కంచంలో తిన్నదానివి. నాకు మిగిలిందే ఆ నాలుగు మాటలు. అవీ నా చేతుల్తో నేనే పారేసుకున్నా. ఇంకేం కావాలి నీకు?” అని చెప్పులు సగం తొడుక్కునే వెళ్లిపోయింది.

మిషనమ్మ పిలవలేదు.

ఫోను మోగింది మాత్రం ఒక పొద్దుటిపూట, గిన్నెలు కడుగుతూ చేతుల నిండా సబ్బు నురగ ఉన్నప్పుడు. తెలియని నంబరు. చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని చెవికి పెట్టుకుంది.

“హలో.”

“నేనే.”

ఆయనే. ఆ ‘నే’ దగ్గర కొంచెం బొంగురు, పొద్దుటిపూట గొంతు. మిషనమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. అను. ఆ ఒక్క మాట అను.

“నేనే వదినా. నా ఫోను పాడైంది.”

ఆమె కళ్లు తెరిచింది.

“ఏమన్నావు?”

“వదినా, వినబడుతోందా? నీ ఫోనుకు ఆరంకెలు వస్తాయి. కాస్త చెప్పు వదినా.”

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. టైలరమ్మ ఫోనులో తన నంబరు ‘వదిన’ అని ఉంది. దొంగ అదే చూసి అదే చదువుతున్నాడు. మొగుడి గొంతుతో, మొగుడి బొంగురుతో, కట్టుకున్న పెళ్లాన్ని వదినా అంటున్నాడు!

పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఎవరూ అలా నవ్వలేదు.

“ఇంట్లో నన్ను ఏమని పిలుస్తావు, చెప్పు?”

అవతల కాసేపు చప్పుడు లేదు. టైపు చేసుకుంటున్నాడు కాబోలు. “వదినా అనే కదా,” అంది ఆయన గొంతు.

“నీ మొహం మండ! పెళ్లాన్ని పట్టుకుని వదినా అంటావురా? ముందు వరసలు నేర్చుకుని రా, తర్వాత దొంగతనం చేద్దువుగాని!”

ఫోను కట్ అయింది. తెర మీద ఆరంకెలు వచ్చి ఉన్నాయి. ఎవరికీ చెప్పవద్దని కింద రాసి ఉంది. ఆమె వాటిని ఎవరికీ చెప్పలేదు. గట్టు మీద కూర్చుని, నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియకుండా చాలాసేపు ఏడ్చింది. తుడవని రెండో చేతి మీద సబ్బు నురగ అలాగే ఎండిపోయింది.

గిన్నెలు అలాగే వదిలేసి టైలరింగ్ షాపుకు నడిచింది. టైలరమ్మ చూసి కూడా చూడనట్టు మిషను తొక్కుతోంది.

“మీ అన్న నాకూ చేశాడు.”

మిషను ఆగింది. “ఏమన్నాడు?”

“వదినా అన్నాడు.”

టైలరమ్మ నోరు తెరుచుకుంది. ఆ తర్వాత పగలబడి నవ్వింది. కత్తిరింపు బల్ల మీద వాలిపోయి, “అన్నయ్యా! ఎంత పని చేశావు అన్నయ్యా!” అని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. మిషనమ్మ కూడా కలిసింది. నవ్వు తగ్గాక టైలరమ్మ నెమ్మదిగా అడిగింది.

“అవును వదినా, ఇంతకీ ఇంట్లో అన్నయ్య నిన్ను ఏమని పిలిచేవాడు? ఇదిగో అనే కదా?”

“ఇదిగో అన్నది మీ కోసం.”

“మరి నీ కోసం?”

మిషనమ్మ బల్ల మీది సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పింది.

“చెప్పు వదినా. సెల్ షాపతను చెప్పలా, ఏ ఫోనులోనూ లేని మాట ఒకటి ఇంట్లో గుర్తుగా పెట్టుకోమని? దాన్నే పెట్టుకుందాం.”

“వేరేది పెట్టుకో.”

“నాకు కూడా చెప్పవా?”

“చెప్పను.”

టైలరమ్మ మూతి ముడుచుకుంది. ఆ చూపు మిషనమ్మకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ అద్దంలో తను చూసుకున్నదే. ఆ చూపుకు జాలేసింది. జాలితోపాటు, దాచుకోకుండా చెప్పాలంటే, కొంచెం తియ్యగా కూడా ఉంది. ఆ పిలుపు ఏ వీడియోలోనూ పడలేదు. ఏ మెసేజీలోనూ లేదు. ఆది చొక్కా ఇవ్వందే ఎవడూ కుట్టలేడు.

మర్నాడు పొద్దున లేచి వీధిగది తలుపు తీసింది. పనిముట్ల పళ్లెం మీద దుమ్ము పేరుకుని ఉంది. పాత గుడ్డ వెతికి తెచ్చి తుడిచింది. స్క్రూడ్రైవర్లు ఒక పక్క, బాబిన్లు ఒక పక్క.

కిటికీలో ఫోను కుయ్యిమని ఒకసారి మూలిగింది. చార్జింగు అయిపోవచ్చింది. చార్జరు పక్కనే, చెయ్యి చాపితే అందేంత దూరంలో వేలాడుతోంది.

ఆమె నూనె డబ్బా మూత బిగించి ఫోను పక్కన పెట్టింది. తెర నల్లబడేదాకా చూసి, స్టవ్వు వెలిగించడానికి లోపలికి వెళ్లింది.