ముందు సీటు కింద వేడి

మా ఇంటి ఆడవాళ్ళు కారులో వెనక సీట్లోనే కూర్చునేవారు. కిటికీలకు లోపలినుంచి తెరలు ఉండేవి. ముందు సీటు మగవాళ్ళది. పొలాలు పోయాయి, డ్రైవరు పని మానేశాడు, తెరలు చీకిపోయి వాటంతటవే ఊడిపడ్డాయి. నాన్నగారు కొన్న పాత డీజిలు కారు మిగిలింది. దానితోపాటు ఆ అలవాటూ మిగిలింది. నేను నడిపేవాణ్ణి, నా భార్య వెనక కూర్చునేది. కొత్తగూడెం బజారులో చూసినవాళ్ళు నన్ను ఆమె డ్రైవరనుకుంటున్నారని నవ్వేది. ముందుకు వస్తానని మాత్రం ఎన్నడూ అడగలేదు. నేనూ రమ్మనలేదు. మా ఇంట్లో అది మాట్లాడుకునే విషయం కాదు.

ఆమె మూత్రపిండాలు చెడిపోయాక రోజు విడిచి రోజు ఖమ్మం తీసుకుపోయి డయాలసిస్ చేయించవలసి వచ్చింది. మా ఊరు కొత్తగూడెం దాటాక అడవి అంచున ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీటు కుదుపులకు ఆమెకు వాంతులయ్యేవి. “ముందు కూర్చోబెట్టండి సార్, రోడ్డు చూస్తుంటే తిప్పదు,” అంది నర్సు, అదేదో చిన్న సంగతన్నట్టు.

అట్లా పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆమె ముందు సీట్లోకి వచ్చింది. అది ఎండాకాలం. జూలూరుపాడు దాటిందాకా పిల్లలా చూస్తూనే ఉంది. రోడ్డు పక్కన కట్టలు కట్టి ఆరబెట్టిన తునికాకు, ఎదురొచ్చే బొగ్గు లారీలు, వాటిని నేను తప్పించే తీరు, అన్నీ ఆమెకు కొత్తే. ఆ తర్వాత మెల్లగా కాళ్ళు పైకి ముడుచుకుంది. ఇంజినుకూ ఆమె కాళ్ళకూ మధ్య అడ్డం ఒక్క ఇనుప రేకు గోడే. ఇంజిను పొగగొట్టం ఆ పక్కనుంచే కిందికి దిగుతుంది. జబ్బువల్ల అరికాళ్ళు ముందే మంట. చెప్పులున్నా నేల కాలుతోంది.

“ఇన్నేండ్లకు ముందుకు రమ్మన్నరు, తీరా పొయ్యి ముందట కూసోబెట్టిండ్రు,” అంది.

“వెనక్కి వెళ్తావా?”

“నేను పోను. గిప్పుడే కదండి రోడ్డు కనబడుతుంది.”

ఏసీ కారు కిరాయికి మాట్లాడుకోమని చాలామంది చెప్పారు. ఆమె తమ్ముడు తన కారే పంపుతానన్నాడు. నా భార్యను ఇంకొకరి కారులో దవాఖానాకు పంపడం నాకు చేతకాదు. అందుకని ఆ వేడి సంగతి నేనే చూడాలనుకున్నాను. ఆమె ఆ సీట్లో కాళ్ళు కింద పెట్టుకుని కూర్చోవాలి, అంతే.

నాకు తెలిసింది ఇల్లు చల్లబరచడం ఒక్కటే. మా ఇంట్లో ఎండాకాలం వస్తే తలుపులు, కిటికీలు మూసి, గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. ఎండ బయటే ఉండిపోయేది. కారుకూ అదే చేశాను. రేకు గోడకు మందపాటి ఉన్ని నమదా అతికించాను. కనిపించిన ప్రతి సందునూ మూశాను. బానెట్ లోపలి వైపు కూడా నమదా పరిచాను. రోడ్డు సెగ లోపలికి రాకూడదని రేడియేటరు ముందున్న జాలీ కింది సగానికి రేకు బిగించాను. పని నీటుగా వచ్చిందని చేతులు కడుక్కున్నాను.

మరుసటిసారి ఖమ్మం వెళ్తూ ఏన్కూరు చేరకముందే, నెమ్మదిగా పోతున్న లారీల వెనక బండి మరిగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. మా కారు రోడ్డు మీద బానెట్ ఎత్తి నిలబడటం నాన్నగారి కాలంలో ఎవరూ ఎరుగరు. నేను ఎత్తాను. అడవిలోంచి ఇప్పపూల బుట్టతో వస్తున్న ఒక ముసలమ్మ ఆగి, సొరబుర్రలోని నీళ్ళు నా భార్యకు ఇచ్చింది. తర్వాత నా వైపు చూసింది.

“ఏంది దొరా, కారుకు గిట్ల బొంతలు కప్పినవ్? దానికి చలిజరమా?”

నా భార్య తాగుతున్న నీళ్ళు పొలమారేలా నవ్వింది. ముసలమ్మ పోయాక అంది, “పొయ్యి మండుతుంటే వంటింటి తలుపులు మూసి, పొగగూడు కూడా మూసినట్టే చేసిండ్రు. సెగ లోపలే పుడుతుంది కదండి. అది ఎటు పోవాలె?”

ఇంజిను చల్లారిందాకా ఇద్దరం చెట్టు కింద కూర్చున్నాం. ఆ పూట దవాఖానాకు ఆలస్యంగా చేరాం.

ఇంటికి వచ్చి నమదా అంతా పీకేశాను. జాలీకి కట్టిన రేకు విప్పాను. రేడియేటరు సందుల్లో మార్కెట్ యార్డు దారిలో పట్టిన పత్తి దూది దుమ్ముతో కలిసి గడ్డకట్టి ఉంటే బ్రష్‌తో, నీళ్ళతో కడిగాను. పొగగొట్టానికి సెగ ఆపే గాజునార పట్టీ తడిపి, బిగించి చుట్టి, స్టీలు క్లిప్పులు వేశాను. కొత్త పట్టీ మొదటిసారి వేడెక్కి పొగలు కక్కితే కారు తగలబడుతోందని పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. బానెట్ వెనక బందుల కింద వాషర్లు పెట్టి, అద్దం దగ్గర వేలెడు సందు వదిలాను. సెగ అక్కడినుంచి పైకి పోతుంది. చూడటానికి మాత్రం బాగాలేదు. బానెట్ సరిగా పడనట్టు కనిపిస్తుంది.

“కారు నోరు తెరిచింది,” అన్నాను.

“మీ ఇంట్ల నోరు తెరిచింది ఇదొక్కటే,” అంది ఆమె.

ఇక రేకు గోడకు ఒక అడ్డం కావాలి. మెరిసే అల్యూమినియం రేకును గోడకు తగలకుండా కాస్త ఎడంగా నిలబెడితే వేడి వెనక్కి కొడుతుంది, మధ్య సందులో గాలి ఆడుతుంది. కొత్త రేకు కొనుక్కోవచ్చు. కాని దళసరిగా, వంగకుండా ఉండే రేకు మా గేటుకే ఉంది. తాతగారి పేరు, పేరుకు ముందూ వెనకా ఉన్న బిరుదులు చెక్కించిన బోర్డు అది. ఆ గేటులోంచి పనిమీద వచ్చేవాళ్ళు లేక చాలాకాలమైంది. బోర్డు దించి, కొలత వేసి, కోశాను. కోస్తున్నంతసేపూ ఆమె వసారాలో కూర్చుని చూసింది. వద్దనలేదు. బిగించేటప్పుడు మాత్రం అడిగింది:

“పేరు ఇంజిను దిక్కా, నా కాళ్ళ దిక్కా?”

“నున్నటి వైపు ఇంజినుకు ఉండాలి. అది మెరుస్తుంది.”

“అంటే మీ తాత నా కాళ్ళ దిక్కే,” అని కాళ్ళు ముడుచుకుని, రేకుకు దండం పెట్టింది. వెక్కిరించిందో, నిజంగా పెట్టిందో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రేకు పని చేసింది. లారీల వెనక ఎంతసేపు పాకినా నేల కాలలేదు. ఆమె చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుని కూర్చునేది. చుట్టయినా వైరా మీదుగా పోనివ్వమనేది. చెరువు కట్ట దగ్గర కారు ఆపితే గాలికి కొంగు ఎగురుతుంటే, తెరల వెనక కూర్చుని ఆమె చూడని ఊళ్ళ సంగతులన్నీ నన్నడిగేది. మా పెళ్ళయినప్పటినుంచీ అంతగా మాట్లాడుకోలేదు. వానాకాలం బానెట్ సందులోంచి నీళ్ళు పడి ఇంజిను దగ్గర వైర్లు తడిసేవి. గొడుగు గుడ్డ కత్తిరించి కప్పాను. అదీ చూసి నవ్వింది.

చలికాలం వచ్చింది. మా వైపు అడవి దగ్గర పొద్దున్నే మంచు కమ్ముతుంది. అప్పటికి ఆమె బాగా చిక్కిపోయింది. డయాలసిస్ మంచం మీదినుంచి లేచాక వణికేది. ఒక పూట దవాఖానాకు వెళ్తూ శాలువా కాళ్ళకు చుట్టుకుని అంది, “మీరు గింత కష్టపడి చేసిండ్రు. చెప్తే ఏమనుకుంటరో.”

“చెప్పు.”

“కాళ్ళు మంచుగడ్డలైతున్నయండి. ఆ వెచ్చదనం జర రానియ్యరాదూ.”

ఆమెను డయాలసిస్‌కు పడుకోబెట్టాక దవాఖానా ఆవరణలోనే బానెట్ ఎత్తాను. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి బోల్టులు విప్పుతుంటే కాపలావాడు వచ్చాడు. “ఓ డ్రైవరన్నా, ఏం చేస్తున్నవ్? సార్లు వస్తరు, బండి జల్దీ పక్కకు తియ్,” అన్నాడు. తీస్తానన్నాను. తాతగారి పేరు ఉన్న రేకును వెనక సీట్లో పెట్టి, బండి పక్కకు తీసి, పొగగొట్టానికి చుట్టిన పట్టీ కూడా విప్పేశాను. ఆ రోజు చేసినంత శ్రద్ధగా మునుపు బిగించేటప్పుడు కూడా చేయలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కాపలావాడి మాట ఆమెకు చెప్పాను. కళ్ళు మూసుకునే నవ్వింది. “జీతం అడగకపోయిండ్రా?” అంది. కొణిజర్ల దాటేసరికి నేల వెచ్చబడింది. చెప్పులు విడిచి, అరికాళ్ళు రెండూ నేలకు ఆనించి, “ఆఁ, గిప్పుడు బాగుంది,” అని నిద్రపోయింది. జూలూరుపాడు దాకా లేవలేదు. నేను గుంతలు చూసుకుంటూ నెమ్మదిగా నడిపాను. వెనక లారీలు హారన్లు కొట్టాయి. కొట్టనిచ్చాను.

ఆ చలికాలం ఆమె దాటలేదు. చివరిసారి ఖమ్మంనుంచి ఆమెను దవాఖానా వ్యానులో తెచ్చారు. వాళ్ళ పద్ధతి అది. నేను ఆ వ్యాను వెనకే వచ్చాను. పక్కన సీట్లో శాలువా ఉంది. దారి పొడుగునా నేల వెచ్చగానే ఉంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. రేకు గరాజు గోడకు ఆనించి ఉంది. కోసిన చోట పేరు సగమే మిగిలింది. అది గేటుకు పనికిరాదు. కారుకు బిగించడం పెద్ద పని కాదు. బోల్టులు కూడా డబ్బాలో అట్లాగే ఉన్నాయి. బిగించలేదు. ఊరివాళ్ళు కొత్తగూడెం దాకా వస్తామని చెయ్యెత్తితే ఇప్పుడు ఆపుతున్నాను. వాళ్ళు ముందు తలుపు మీద చెయ్యి వేస్తారు.

“వెనక కూర్చోండి,” అంటాను. “ముందు కాళ్ళు కాలతాయి.”