ఆకు కత్తిరిస్తూ చెప్పిన మాటలు

మా ఆయనకు షోలాపూర్ అశోక్ చౌక్‌లో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. మగ్గం మీద కూర్చోనని తండ్రితో కొట్లాడి కెమెరా పట్టిన మనిషి. ఎదుట ఎవరు కూర్చున్నా ఏదో ఒకటి అని నవ్వించాకే ఫోటో తీసేవాడు. ఎనభైల మధ్యలో నేను దాజీ పేట్ నుంచి నీలం నగర్‌కు కోడలిగా వచ్చేనాటికి ఆయనకు ఇంకో పని కూడా తగులుకుంది. మా వైపు ఠాణాకు సొంత ఫోటోగ్రాఫర్ లేడు. రోడ్డు మీద లారీ గుద్దినా, బావిలో శవం తేలినా, పంచనామాకు ఫోటోలు కావాలంటే ఒక హవల్దారు సైకిలేసుకుని స్టూడియో ముందు దిగేవాడు. ఈయన కెమెరా భుజానికి తగిలించుకుని వెళ్లేవాడు.

వచ్చాక వాకిట్లో నల్లా కింద చాలాసేపు స్నానం చేసేవాడు. ఏం చూశారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చూసిన వాళ్లు ఒక్కసారి చూసి వెళ్లిపోతారు. ఈయన మాత్రం డార్క్ రూమ్‌లో ఫోటో కడిగేటప్పుడు ఆ ముఖం నీళ్లలోంచి మెల్లగా పైకి తేలుతుంటే మళ్లీ చూడాలి. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మా పాపకు ఎనిమిదో నెల వచ్చింది. మధ్యాహ్నం నేను దాన్ని ఉయ్యాలలో వేసి బీడీలు చుట్టుకుంటుంటే, ఆయన అన్నానికి వచ్చి నేరుగా ఉయ్యాల దగ్గరికి వెళ్లి పాపను కుదిపి లేపేవాడు. అది కెవ్వున ఏడిస్తే అప్పుడు ఊపిరి వదిలేవాడు. నాలుగు రోజులు చూసి తిట్టాను.

“నిద్రపోయే పిల్లను లేపుతరా ఎవరన్న?”

“ఊకె చూసిన” అన్నాడు. మరునాడు మళ్లీ లేపాడు.

తర్వాత ఒక పెళ్లిలో ఫ్లాష్ వెలుగుకు పెళ్లికూతురు కళ్లు మూసుకుందట. కెమెరా కుర్చీలో పెట్టి మంటపంలోంచి బయటికి వచ్చేశాడు. సగం పెళ్లి ఫోటోలు లేకుండానే జరిగింది.

మా అత్త మొదట దిష్టి తీసింది. నిమ్మకాయ కోసింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. ఏదీ పని చేయలేదు. అన్నం ముందు కూర్చుని గోడ చూస్తున్న కొడుకును ఒకరోజు పేరు పెట్టి పిలిచి, చేతిలో కత్తెర పెట్టింది.

“ఊకె కూసుంటే ఏమొస్తది కొడకా? ఆకు కత్తిరియ్యి. నా నడుము నొస్తున్నది.”

మా గల్లీలో మగవాళ్లు బీడీ పనికి కూర్చోరు. అయినా ఆయన కూర్చున్నాడు. తడిగుడ్డలోంచి తునికాకు తీసి, రేకు ముక్క కొలత పెట్టి కత్తిరించసాగాడు. రెండు రోజులు అదే పని. మూడోరోజు ఆకు మీదే చూపు పెట్టి అన్నాడు.

“బాయిల నుంచి ఒక పిల్లను తీసిండ్రమ్మా. మన పాపంత ఉంటది. నిద్రపోయినట్టే ఉన్నది.”

నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. నిజం చెప్పాలంటే పారిపోయాను. అత్త మాత్రం చాటలోంచి తల ఎత్తలేదు. బీడీ చుడుతూనే అడిగింది.

“అంగీ ఏం రంగు?”

“నీలం.”

“తల్లి ఉన్నదా ఆడ?”

“ఉన్నది.”

“ఎవలన్న పట్టుకున్నరా ఆమెను?”

“హవల్దారు పట్టుకున్నడు. పడకుంట పట్టుకున్నడు.”

“మంచిగ చేసిండు” అంది. దారం చుట్టి ఇంకో ఆకు తీసుకుంది.

వంటింట్లో నిలబడి విన్నాను. ఆయన ఏడ్చాడు, అయినా కత్తెర చప్పుడు ఆగలేదు. ఆ సాయంత్రం అత్తను అడిగాను, కొడుకు ఏడుస్తుంటే ముఖమైనా చూడవేమని.

“మొఖం చూస్తే మాట ఆగుతది బిడ్డా. మీ మామ పోయినప్పుడు గీ గల్లీ ఆడోళ్లందరు గిట్లనే నా మాట ఇన్నరు. ఒక్కతి గూడ నాదిక్కు చూడలే.”

ఒక్కరోజులో ఏమీ మారలేదు. ఆ నెలంతా ఆయన కత్తిరిస్తూనే ఉన్నాడు, కొన్నిసార్లు చెప్తూ, ఎక్కువసార్లు చెప్పకుండా. ఒక మధ్యాహ్నం చూస్తే పాప నిద్రపోతోంది, ఆయన పక్కన కూర్చుని ఈగలు తోలుతున్నాడు.

హవల్దారు ఒక సెలవు రోజు ఇంటికే వచ్చాడు, అక్కల్‌కోట్ రోడ్డు మీద ప్రమాదమని. పెద్ద మీసం, పెద్ద పొట్ట. అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది.

“ఏం సాబ్, షోలాపూర్ మొత్తంల నా కొడుకే దొరికిండా నీకు? వాని నిద్ర ఖరాబ్ చేసినవు!”

తిరిగి కసురుకుంటాడనుకున్నాను. హవల్దారు టోపీ తీశాడు.

“మావశీ, మలా తరి కుఠే ఝోప్ యేతే?”

పిన్నీ, నాకు మాత్రం నిద్ర ఎక్కడ వస్తోందని. అత్త ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. “పని చేసుకొని ఇద్దరు సీద ఈడికే రండ్రి” అంది.

వచ్చారు. అత్త పీట వేసి హవల్దారుకూ ఒక కత్తెర ఇచ్చింది. ఖాకీ బట్టల్లో పోలీసు మా వాకిట్లో తునికాకు కత్తిరిస్తుంటే గల్లీ అంతా వచ్చి చూసింది. ఆయన చేతి ఆకు ఒక్కటీ పనికి రాలేదు. “కుక్క నమిలినట్టున్నది” అని అత్త పారేసేది, ఆయన పడీ పడీ నవ్వేవాడు. నవ్వు అయ్యాక మరాఠీలో చెప్పేవాడు, పదిహేనేళ్లుగా ఎవరికీ చెప్పనివి. అత్త తెలుగులో జవాబిచ్చేది. ఇద్దరికీ అర్థమయ్యేది.

అప్పటినుంచి పంచనామా అయితే ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదని వాళ్లే నియమం పెట్టుకున్నారు. హవల్దారు పెద్ద సాబుతో మాట్లాడి ఇంకో ఫోటోగ్రాఫర్‌ను కూడా కుదిర్చాడు, వారం మార్చి వారం వెళ్లేలా. ఆ రెండో అతనికీ మా వాకిట్లో ఒక కత్తెర దొరికింది.

పాపకు బడికి వెళ్లే వయసొచ్చాక, చెల్లెలికి బాగాలేదని అత్త కరీంనగర్ వెళ్లింది. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన రైలు గేటు దగ్గర పంచనామా అయ్యి వచ్చాడు. హవల్దారు ఊళ్లో లేక ఒంటరిగానే వెళ్లాల్సి వచ్చింది. స్నానం చేసి కత్తెర తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టేశాడు. నేను పొయ్యి దగ్గరున్నాను. ఇన్నేళ్లూ ఆ మాటలు మొదలైతే ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లేదాన్నే. ఆరోజు చాట తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

“చెప్పుండ్రి” అన్నాను.

చుట్టిన మొదటి బీడీ నా చేతిలోనే విరిగింది.

“ముసలాయన. ఎవలో ఎరుక లేదు. ఇంటోళ్లు గుర్తు పట్టాలె అంటే ఫోటో ఉండాలె గదా. జుట్టంత మొఖం మీదికి పడ్డది.” కత్తెర మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “వేళ్లతోని దువ్విన. తర్వాత తీసిన.”

“ఎందుకు దువ్వినరు?”

“బిడ్డలు చూస్తరు గదా.”

ఏడ్వకూడదని చాలా గట్టిగా అనుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లకు ఆ పని ఆయన ఎలా చేస్తాడో నాకు మొదటిసారి తెలిసింది. భయం పోలేదు గానీ, లేవాలని కూడా అనిపించలేదు. మిగతాది కూడా విన్నాను. తర్వాత జొన్నరొట్టె పెడితే రెండు తిని, స్టూడియోకు వెళ్లాడు. ఎవరో బారసాల ఫోటోకు వస్తామన్నారట.

అత్త తిరిగొచ్చాక ఆ సంగతి చెప్పాను. సంచీ కింద పెట్టి కాళ్లు చాపుకుని వింది.

“ముసలాయన ఇంటోళ్లు దొరికిండ్రా?”

“దొరికిండ్రు అత్తమ్మా. ఫోటో చూసి కొడుకు వచ్చిండట.”

“బస్, గంతే చాలు” అంది అత్త, నీళ్లు ఇమ్మంది.